ముసలమ్మను అడిగొచ్చాం

డుఫీ అక్క కూర్చునే ముందు ఒకసారి "అబ్బా" అంటుంది, లేచే ముందు ఇంకోసారి. ఆ రెండింటి మధ్య ఆమె మాట్లాడేది తక్కువ. మా షెడ్డు కుర్రాళ్లకు అదొక ఆట. ఆమె స్టూలు వైపు నడుస్తుంటేనే నలుగురూ కలిసి "అబ్బా" అనేవాళ్లు. ఆమె కోప్పడేది కాదు. "అనండి నాయనా, మీకూ మోకాళ్లున్నాయి, మీకూ వయసొస్తుంది" అంటూ కూర్చునేది. ఆమె బదులు కోపం నాకొచ్చేది.

నేను అక్కడ స్టోర్ చూసుకుంటాను. పేరు అప్పియా. బోల్టు దగ్గర్నుంచి బ్యాటరీ దాకా నా చెయ్యి దాటకుండా ఏదీ బయటికి పోదు. కుర్రాళ్లు ఎదురుగా మామా అంటారు, వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు. డుఫీ అక్క గురించి ఊళ్లో చెప్పుకునేది ఒకటి, జరిగింది ఒకటి. జరిగింది చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేను చెబుతున్నాను.

మాది కుమాసీ నగరంలో సుయామే మ్యాగజైన్ అనే పేట. ఎటు చూసినా మెకానిక్కులు, వెల్డర్లు, విప్పి పడేసిన ఇంజన్లు, నూనె తాగి నల్లబడ్డ నేల. ఇక్కడ పొద్దున కొత్త వస్తువు గురించి నోరు జారితే మధ్యాహ్నానికి ఆ వస్తువు మూడు కొట్ల ముందు వేలాడుతుంది. అలాంటి చోట అడుసెయ్ అనేవాడు స్టార్టప్ పెట్టాడు, అదే మా షెడ్డు. మేం ప్రాగ్యా అని పిలుచుకునే మూడు చక్రాల ఆటోలను పెట్రోలు నుంచి బ్యాటరీకి మార్చడం పని. ముప్పై దాటిన కుర్రాడు, చదువుకున్నవాడు, మనసు మంచిదే. కానీ కాళ్లకింద నిప్పులు పోసినట్టు తిరుగుతాడు. ఏది అనుకున్నా రేపటికల్లా రోడ్డు మీద ఉండాలంటాడు.

రాజధాని ఆక్రాలో ఉండి పెట్టుబడి పెట్టినవాళ్లు ఒక షరతు పెట్టారు. ప్రతి కొత్త పనికీ పద్ధతి ప్రకారం సమీక్ష జరగాలి, అది చూసుకోవడానికి అనుభవమున్న మనిషి ఉండాలి, లేకపోతే రెండో విడత పెట్టుబడి రాదు. అడుసెయ్ పళ్లు నూరుకుంటూ వెతికాడు. అలా వచ్చింది డుఫీ అక్క.

ఆమె చిన్నప్పుడు ఆడపిల్లలు టెక్నికల్ స్కూలుకు వెళ్లడం అరుదు. వెళ్లింది. ఒక బంగారు గనిలో మరమ్మతుల విభాగంలో చేరి అక్కడే జుట్టు నెరిసేదాకా పనిచేసింది. గనిలో ఏది మార్చాలన్నా సమీక్ష సంఘం కూర్చునేది. ఆ సంఘానికి ఆమె కార్యదర్శి. అంటే పెద్దవాళ్ల గదుల ముందు నిలబడి సంతకాలు తెచ్చే మనిషి. మొగుడు ఎప్పుడో తన దారి చూసుకున్నాడు. కూతుళ్లిద్దరూ పెద్దవాళ్లయి వాళ్ల బతుకులు వాళ్లు బతుకుతున్నారు. గని మనుషుల్ని తగ్గించుకున్నప్పుడు ఆమెను ఇంటికి పంపారు. కుమాసీలో తల్లివైపు ఇంట్లో ఒక గది ఉంటే వచ్చి అందులో చేరింది. విశ్రాంతి తీసుకుందామనే వచ్చానంది నాతో. ఎక్కడిది విశ్రాంతి? ఆ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు కొట్టుకున్నా డుఫీ కావాలి.

వచ్చిన కొత్తలో ఆమె గని పద్ధతే తెచ్చింది. ప్రతి మార్పుకూ సమావేశం, ప్రతి సమావేశానికీ కాగితాలు, ప్రతి కాగితానికీ సంతకాలు. కుర్రాళ్లు నసిగారు, తర్వాత గొణిగారు, ఆ తర్వాత అరిచారు. ఛార్జింగ్ తీగను పట్టుకునే ఒక చిన్న ఇనప కొక్కెం ట్వుమాసి అనే కుర్రాడు తయారుచేశాడు. చక్కటి పని. దాని మీద సమీక్ష రెండు వారాలు నడిచింది. ఈలోపు అవతలి వీధిలో ఒకడు అచ్చం అలాంటిదే చేసి అమ్మేసుకున్నాడు.

అడుసెయ్ ఆ కొక్కేన్ని తెచ్చి ఆమె బల్ల మీద పడేశాడు.

"చూశారా అమ్మా? మీ సంతకాల సిరా ఆరేలోపు వాడు పెళ్లి చేసుకుని కాపురం పెట్టేశాడు."

"చూశాను."

"ఇది గని కాదమ్మా. గనిలో బంగారం ఎక్కడికీ పారిపోదు. మా బంగారానికి కాళ్లున్నాయి."

"ఆలోచిస్తాను నాయనా."

"దానిక్కూడా మీటింగ్ పెడతారా?"

షెడ్డంతా నవ్వింది. నేను చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద గట్టిగా కొట్టాను. పెద్దమనిషితో మాట్లాడే తీరా అది? ఆమె మాత్రం కొక్కేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనదాని కంటే వాడిదే బాగుంది, అంచు గుండ్రంగా చేశాడు" అంది.

ఆ రోజు కెంకే అనే మొక్కజొన్న ముద్ద, వేయించిన చేపా తింటూ నాతో ఒక విషయం చెప్పింది. గనిలో ఒక నీటి పంపు పాతబడిందని తనే సమీక్షకు పెట్టిందట. ఒకరు ఊళ్లో లేరు, ఒకరికి కాగితం రంగు నచ్చలేదు, ఒకరు మళ్లీ రాసుకురమ్మన్నారు. చివరి సంతకం పడిన రోజుకు కిందిగుంటలో నీళ్లు నిండి అప్పటికే ఒక రోజు దాటింది. ఇద్దరు మనుషులు పైకి రాలేదు. "కాగితం మాత్రం చాలా బాగుంది అప్పియా. ఒక్క తప్పు లేదు" అంది. ఆలస్యం అమృతం విషం అంటారు, నిదానమే ప్రధానం అని కూడా అంటారు. రెండూ అనేది ఆ నోళ్లే. పూటకొకటి వాడుకుంటారు. ఆమెకు మాత్రం రెండూ ఒకేసారి నిజమని తెలుసు. ఆ తెలివే ఆమెను అంత అలసిపోయేలా చేసిందని నా అనుమానం.

తర్వాతి వారం వాళ్ల వంశపెద్ద ఇంట్లో నేల తగాదా ఒకటి తీర్పుకొచ్చింది. ఆమె వెళ్లింది. మా దగ్గర తీర్పు ఎలా జరుగుతుందో పిల్లవాడికి కూడా తెలుసు. ఇరుపక్షాలూ చెప్పుకుంటారు, అందరూ ప్రశ్నలడుగుతారు, ఆ తర్వాత పెద్దల్లో కొందరు లేచి "వెళ్లి ముసలమ్మను అడిగొస్తాం" అంటారు. గోడ వెనక్కి వెళ్లి గుసగుసలాడి తిరిగొస్తారు. "ముసలమ్మ ఇలా అంది" అని తీర్పు చెబుతారు. ఆ ముసలమ్మ ఎవరని ఎవరూ అడగరు. గోడ వెనక చూస్తే ఎవరూ ఉండరు. పెద్దలు తొందరపడకుండా నాలుగడుగులు పక్కకు వెళ్లి ఆలోచించడానికి పూర్వం వాళ్లు పెట్టిన పద్ధతి అది. తరాల నాటి నేల తగాదా ఆ రోజు వంటింట్లో భోజనానికి ఫుఫు ముద్ద దంచేలోపు తేలిపోయింది.

మర్నాడు ఆమె షెడ్డులో అందరినీ పిలిచింది.

"ఇవాళ్టి నుంచి కాగితాలు వద్దు. చేసినవాడు మధ్యలో నిలబడి ఏం చేశాడో నోటితో చెప్పాలి. ఎవరైనా ఏదైనా అడగొచ్చు. తర్వాత ముగ్గురు వెనక్కొచ్చి ముసలమ్మను అడగాలి. చేసినవాడు మాత్రం ఆ ముగ్గురిలో ఉండకూడదు."

"ముసలమ్మ ఎవరు?" అన్నాడు ట్వుమాసి, తెలియనట్టు.

"మొన్నటిదాకా అబ్బా అబ్బా అన్నావుగా, ఆమే."

షెడ్డు దద్దరిల్లేలా నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. స్టోర్ వెనక రేకుల పంచ కింద ఆమె స్టూలు వేసుకుంది. ముగ్గురూ వచ్చి నిలబడితే మూడే ప్రశ్నలు వేసేది. ఇది పాడైతే ఎలా పాడవుతుంది? అప్పుడు ముందు ఎవరికి తగులుతుంది? పంపాక వెనక్కి తెచ్చుకోగలమా? మూడోదానికి తెచ్చుకోగలం అనే జవాబొస్తే మిగతా రెండూ సగమే వినేది. "తెచ్చుకోగలిగినదాన్ని పంపేయండి నాయనా. రోడ్డే నేర్పుతుంది. తెచ్చుకోలేని దానికే నా దగ్గర కూర్చోండి" అనేది. కెంకే చల్లారకముందే తీర్పు వచ్చేసేది.

పని పరుగెత్తింది. కుర్రాళ్లు వస్తువు చేసి పెట్టి "ముసలమ్మను అడిగొస్తాం" అని పాటలా పాడుతూ వెనక్కి వచ్చేవాళ్లు. అడుసెయ్ దీనికి ఏదో పెద్ద పేరు పెట్టి ఆక్రాకు రాసి పంపాడు. వాళ్లు మహా సంతోషించి తక్కిన కంపెనీలు కూడా దీన్ని చూసి నేర్చుకోవాలన్నారట. కర్ర విరగలేదు, పామూ చచ్చింది అనుకున్నాం.

ముసలమ్మ అన్నీ సరిగ్గానే చెప్పిందని నేననను. బండి వెనక దీపం ఒకటి మారిస్తే ఆమె భయపడి నెలరోజులు ఆపేసింది. చివరికి అందులో ఏ లోపమూ లేదు. "దీపానికి కూడా గర్భమా అమ్మా, ఇన్ని నెలలా?" అని ట్వుమాసి ఏడిపించాడు. "పోయింది నాయనా, నా లెక్క తప్పింది" అంది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు నీళ్లు తాగినంత తేలిక. ఆ సంగతి తర్వాత పనికొచ్చింది, పనికిరాకుండా ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఆమె అలసిపోయింది. ప్రతి పనికీ చివరి మాట తనదే కావడం ఎవరికైనా బరువే. ఒకరోజు ముగ్గురూ వచ్చి నిలబడితే, "ఎన్నాళ్లని నన్నడుగుతారు? ఆ మూడూ మీకు నోటికి వచ్చు కదా, మీరే అడుక్కోండి. రేపు నేను పోతే మీ బండ్లు ఆగిపోతాయా?" అంది. విసుగులో అన్న మాట. వాళ్లు తలూపారు.

వర్షాలకు ముందు కేజేటియా స్టేషన్ ఆటోవాళ్ల సంఘంతో అడుసెయ్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. మొదటి విడత ఇరవై బండ్లు. సంఘం పెద్ద బోన్సు, తెల్లగడ్డం, గంభీరమైన గొంతు. వానలు మొదలయ్యేలోపు బండ్లు చేతికి రాకపోతే పెట్రోలు బండ్ల వ్యాపారి దగ్గరికే పోతామని చెప్పేశాడు. ఆ ఒప్పందం పోతే మా షెడ్డు మూతపడుతుందని అందరికీ తెలుసు. బండ్లకు కొత్త బ్యాటరీ పెట్టె అడుసెయ్ స్వయంగా చేశాడు, సీటు కింద అమరేలా, తేలిగ్గా. అది నీళ్లలో ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు.

సరిగ్గా అప్పుడే డుఫీ అక్క పెద్దమ్మ కూతురు చనిపోయి బెక్వాయ్‌లో అంత్యక్రియలు వచ్చాయి. మా దగ్గర శనివారం అంత్యక్రియలంటే శుక్రవారం వెళ్లి ఆదివారం చర్చి అయ్యాకే తిరిగొస్తాం. కంపెనీ తరఫున చదివింపు ఇవ్వడానికి నన్ను పంపారు. బయల్దేరే ముందు నల్లబట్టలు కట్టుకుని ఆమె అడుసెయ్ దగ్గరికి వెళ్లింది.

"పెట్టెను నీళ్లలో ముంచి చూడకుండా బండి కదలకూడదు. సుబిన్ వాగు పొంగితే రోడ్డు మీద నీళ్లు సీటు దాకా వస్తాయి. నీకు తెలుసు."

"తెలుసమ్మా."

"సరే అను."

"సరే అమ్మా. మీరు వెళ్లిరండి. మీవాళ్లకు నా సానుభూతి చెప్పండి."

బెక్వాయ్‌లో ఎండ, డప్పులు, ఎర్రబట్టల జనం. మైకులో ఎవరెంత చదివించారో అరుస్తున్నారు. మా కంపెనీ పేరు చదివినప్పుడు ఆమె కళ్లు తుడుచుకుంది. చనిపోయిన అక్క కోసమో, అంత దూరం కంపెనీ పేరు వినబడినందుకో నాకు తెలియదు.

సోమవారం పొద్దున షెడ్డుకొచ్చేసరికి బండ్లు లేవు. ఇరవై బండ్లు నిలిపిన చోట నూనె మరకలు తప్ప ఏమీ లేవు. అడుసెయ్ బ్యాంకుకు వెళ్లాడన్నారు. ట్వుమాసి మొహం వెలిగిపోతోంది.

"శనివారం పంపేశాం అమ్మా! బోన్సు తాత స్వయంగా వచ్చాడు. ముందు పద్ధతిగా అంతా చేశాకే పంపాం."

"ఏ పద్ధతి?"

"అడుసెయ్ అన్న మధ్యలో నిలబడి చెప్పాడు. అందరం అడిగాం. తర్వాత మేం ముగ్గురం వెనక్కొచ్చి ముసలమ్మను అడిగి వెళ్లాం."

"ఎవర్ని?"

వాడు ఒక్క క్షణం తికమకపడ్డాడు. నిజంగానే పడ్డాడు, నటన కాదు.

"ముసలమ్మనే అమ్మా. ఇక్కడ నిలబడి మూడు ప్రశ్నలూ ఒకళ్లనొకళ్లం అడుక్కున్నాం. మీరే అన్నారుగా, మీరే అడుక్కోండని. పెద్దల సభలో మాత్రం గోడ వెనక ముసలమ్మ కూర్చుని ఉంటుందా?"

డుఫీ అక్క నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. వాణ్ని లాగి ఒక్కటిద్దామని నేను ముందుకు వెళ్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు అప్పియా. వాడు అబద్ధం చెప్పడంలేదు. నాయనా, మూడో ప్రశ్నకు మీరేం జవాబు చెప్పుకున్నారు?"

"తెచ్చుకోగలం అని చెప్పుకున్నాం. డ్రైవర్లు మనవాళ్లే. నీళ్ల పరీక్ష తర్వాత చేసి, తేడా ఉంటే ఒక్క ఫోను కొడితే బండ్లు తెచ్చేస్తారు. వానలకింకా టైముంది కదా."

"అయితే ఫోను కొట్టు."

కొట్టాడు. ఒకరు ఎత్తలేదు. ఒకరు ఎత్తి నవ్వారు. ఇంకొకరు, "పెట్రోలు ఖర్చు లేకుండా రెండ్రోజులుగా హాయిగా ఉన్నాను, నీకు బండి తెచ్చిచ్చి నేనేం తినాలి, గాలా?" అన్నారు. వరసగా అందరిదీ అదే పాట. ట్వుమాసి మొహంలో వెలుగు దిగిపోయింది. బయట ఆకాశం తూర్పున నల్లబడుతోంది. వానకు టైముందన్నది వాళ్ల లెక్క. వానకు వేరే లెక్క ఉంటుంది.

మధ్యాహ్నం డుఫీ అక్క, అడుసెయ్, నేను కేజేటియాకు వెళ్లాం. దారంతా అడుసెయ్ తల దించుకునే కూర్చున్నాడు. ఒకసారి మాత్రం, "నేను చెప్పాల్సింది అమ్మా, మీరు లేరు కాబట్టి ఆగాలని. బోన్సు ఎదురుగా నిలబడ్డాడు. నోరు రాలేదు" అన్నాడు. ఆమె "అబ్బా" అంటూ మోకాలు సర్దుకుంది.

స్టేషన్‌లో అరవైమంది దాకా డ్రైవర్లు మూగారు. బోన్సు కుర్చీలో కూర్చున్నాడు. మర్యాదగా నీళ్లిచ్చి, వచ్చిన పని అడిగాడు. బండ్లు నాలుగు రోజుల కోసం వెనక్కి కావాలని అడుసెయ్ అన్నాడు. ఒక్కసారిగా గోల.

"ఎందుకు కావాలి?"

"వేరేవాడు ఎక్కువిస్తానన్నాడేమో!"

"శనివారం చేతులు కలిపి ఇచ్చారు, సోమవారం గుంజుకుంటారా? మాతో పిల్లలాటా ఇది?"

బోన్సు చెయ్యెత్తి నిశ్శబ్దం చేయించాడు. అడుసెయ్ వైపు చూడలేదు. డుఫీ అక్కనే చూశాడు.

"పెద్దమ్మా, శనివారం నేనక్కడే ఉన్నాను. వీళ్లు వెనక్కెళ్లి, తిరిగొచ్చి, ముసలమ్మ ఒప్పుకుందన్నారు. ఆ మాట మీదే నేను బండ్లు తీసుకున్నాను. ఆ ముసలమ్మవి నువ్వేనంటున్నారు. ఒప్పుకున్నావా, లేదా?"

ఒప్పుకోలేదంటే అది నిజం. కానీ ఆ మాటతో కంపెనీ అబద్ధాలకోరవుతుంది, ఒప్పందం చెల్లదు, ఇక పంచాయితీ మొదలు. ఒప్పుకున్నానంటే ఆమె మాటకు ఇక విలువుండదు. అడుసెయ్ నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచాడని ఇప్పటికీ నమ్ముతాను. ఆమె అతని చేతిని గట్టిగా నొక్కి లేచి నిలబడింది. ఆసారి "అబ్బా" అనలేదు.

"ఒప్పుకున్నాను. పొరపాటు చేశాను. వయసైపోయింది, నీళ్ల సంగతి మర్చిపోయాను. ఆ పెట్టెల్లోకి నీళ్లు పోతే సీటు కింద నిప్పు పుడుతుంది. సీటు మీద కూర్చునేది మీరు. బండ్లు తెచ్చివ్వండి. నన్నెన్ని తిట్టినా పడతాను, ముందు బండ్లివ్వండి."

తిట్టారు. నేను విన్నవన్నీ ఇక్కడ రాయను. ముసలిదానికి మతి పోయిందన్నారు, ఇంట్లో మనవళ్లను ఆడించుకోక ఇక్కడేం పనన్నారు, ఇలాంటిదాని మాట మీద బండ్లు నడుపుతున్న కంపెనీకి సిగ్గులేదన్నారు. కానీ తిడుతూ తిడుతూనే తాళాలు తీశారు. సాయంత్రం చీకటి పడకముందే ఇరవై బండ్లూ వరసగా సుయామే వైపు కదిలాయి. మర్నాడు పడిన వానకు సుబిన్ వాగు రోడ్డెక్కింది.

పెట్టెలన్నీ తీసి ట్వుమాసి తొట్టిలో ముంచాడు. తలెత్తకుండా రెండు రోజులు అదే పని. పద్దెనిమిది పెట్టెలు పొడిగా ఉన్నాయి. రెండింట్లోకి నీళ్లొచ్చాయి. అంచుకు మెత్తటి రబ్బరు వేసి సరిచేయడం పెద్ద కష్టం కాలేదు. శుక్రవారం బోన్సు తన మనుషులతో వచ్చాడు. రెండే రెండు అని వినగానే డ్రైవర్లు మళ్లీ భగ్గుమన్నారు. రెండు పెట్టెల కోసం ఇరవై ఇళ్ల పొయ్యిలు ఆర్పారా అన్నారు. ఆ రెండు బండ్లవాళ్లు మాత్రం ఏమీ అనకుండా వెనకాల నిలబడ్డారు.

"బండ్లు తీసుకుంటాం. ఒప్పందం ఒప్పందమే. ఒక్క షరతు. ఇకమీద మా బండ్ల విషయంలో ఈ పెద్దమ్మను అడగొద్దు. ఎవరైనా చదువుకున్న మగవాణ్ని, వయసులో ఉన్నవాణ్ని పెట్టండి" అన్నాడు బోన్సు.

అడుసెయ్ ఆమె వైపు చూశాడు. కళ్లల్లో నీళ్లున్నాయి, చెప్పాలని ఉంది, చెప్పేస్తాడేమో కూడా. ఆమె చిన్నగా తల అడ్డంగా ఊపింది.

"సరే" అన్నాడు అడుసెయ్.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేయలేదు. నా స్టోర్‌లోకి మార్చారు. బోల్టులు వేరుచేస్తుంది. సమీక్షకు ఆక్రా నుంచి ఒకాయన వస్తాడు, నెలకోసారి, ఏసీ కారులో. అతనికి కాగితాలు కావాలి, కాబట్టి మళ్లీ కాగితాలొచ్చాయి. ట్వుమాసి రోజూ ఆమెకు కెంకే తెచ్చిస్తాడు, ముఖం చూడకుండా పెట్టి వెళ్లిపోతాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఒకే వ్యాన్‌లో ఇళ్లకు వెళ్లాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. వాన వెలిసింది. రోడ్డు మీద జనం చెప్పులు చేత పట్టుకుని నడుస్తున్నారు. నేను పట్టలేకపోయాను.

"ఎందుకక్కా? నిజం చెబితే ఏం పోయేది? చేసింది వాళ్లు, పడింది నువ్వు. నీ మాట ఒక్కటే కదా నీకు మిగిలింది, అదీ వాళ్ల కాళ్లకింద పడేశావు."

"నిజం చెబితే ఏం జరిగేదో చెప్పు."

"వాళ్లకు సిగ్గొచ్చేది."

"తర్వాత?"

"తర్వాత..."

"తర్వాత పంచాయితీ. కంపెనీ అబద్ధమాడిందని సంఘం కూర్చునేది. బోన్సు వాళ్ల పెద్దలను పిలిచేవాడు, అడుసెయ్ తనవాళ్లను పిలిచేవాడు. ఆక్రా వాళ్లు ఒక మనిషిని పంపేవాళ్లు. ఎవరిది తప్పో తేలేదాకా బండ్లు ఎవరూ ఇవ్వరు. మంగళవారం వాన వచ్చేది." ఆమె కళ్లు మూసుకుంది. "ముసలిదానికి మతి పోయిందంటే ఎవరూ వాదించరు అప్పియా. సాక్ష్యం అడగరు, సంతకం అడగరు. వినగానే నమ్మేస్తారు. జీవితమంతా త్వరగా తేలే సమీక్ష కోసం వెతికాను. ఇదొక్కటే దొరికింది."

ఆమె దిగాల్సిన చోటు వచ్చింది. వ్యాన్ కుర్రాడు తలుపు కొట్టి, "తొందరగా ముసలమ్మా, వెనక బండ్లున్నాయి" అని అరిచాడు. ఆమె తొందరపడలేకపోయింది. నేను చెయ్యి పట్టుకుని దింపాను.